ఒళ్లునొప్పుల లెక్క, 3వ పాఠం: ‘కాలు’ అంటే ఎక్కడ?

ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా జబ్బును గుర్తించడానికి, ఒంట్లో 19 చోట్ల నొప్పి ఉందో లేదో అడిగి పట్టికలో గీసే లెక్క ఇది. ఈసారి నిద్ర, అలసట గురించి చెబుదామనుకున్నాను. మీరు పంపిన కాగితాలు చూశాక వెనక్కి రాక తప్పలేదు. సగం మందికి 19కి 19 పడ్డాయి. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చినదాంట్లో ఒకటే గీత: ‘కాళ్లు’. రెండు తప్పులకూ కారణం ఒకటే. మీరు “ఎక్కడ నొప్పి?” అని అడిగి, చెప్పింది రాసుకున్నారు.

ఆ ప్రశ్నకు మన ఊళ్లలో జవాబు “ఒళ్లంతా లాగేత్తందండి” అనే వస్తుంది. ఆవిడ బాధ నిజమే, కానీ దాంతో లెక్క తేలదు. “ఈ 7 రోజుల్లో ఎడమ దవడ నొప్పి పుట్టిందా పిన్నిగారూ?” అని ఒక్కో చోటూ విడిగా అడగాలి. ఉంటే 1, లేకపోతే 0. ఎంత నొప్పి అన్నది ఇక్కడ అక్కర్లేదు. దవడ, భుజం, జబ్బ, ముంజేయి, తుంటి, తొడ, మోకాలి కింది భాగం రెండేసి చొప్పున 14. మెడ, వీపు పైభాగం, నడుము, ఛాతీ, పొట్ట కలిపితే 19.

నేనెప్పుడూ దవడతోనే మొదలుపెడతాను. బాగా నొప్పున్న చోటు ముందు అడిగితే, తర్వాత అన్నిటికీ “అవునండి” అనేస్తారు.

ఇక ‘కాలు’. మనకు కాలంటే తుంటి నుంచి బొటనవేలి దాకా, చెయ్యంటే భుజం నుంచి గోళ్ల దాకా. “కాళ్లండి” అన్న మాటలో ఆరు గడులు దాగి ఉండొచ్చు. ఒకటే గీస్తే తప్పు, ఊహించి ఆరూ గీసినా తప్పే. అరచెయ్యి పెట్టి చూపించమనండి. “నడుం పట్టేసింది” అంటూ పిర్ర మీద చెయ్యి వేస్తే అది తుంటి గడి. మోకాలొక్కటే చూపిస్తే ఏ గడీ గీయకండి. మోకాలికి, అరచేతికి, పాదానికి ఈ పట్టికలో చోటు లేదు. అంచున మాత్రం రాసిపెట్టండి, ఆ నొప్పి డాక్టరుకు తెలియాలి. ఛాతీ నొప్పి కొత్తగా వచ్చింది, చెమటలు పడుతున్నాయి అంటే కాగితం పక్కన పడేసి వెంటనే ఆస్పత్రికి పంపండి.

ఇద్దరు బొటనవేలితో నొక్కి చూశారట. అది 1990 నాటి పద్ధతి: 18 చోట్ల 4 కిలోల ఒత్తిడితో నొక్కితే, కనీసం 11 చోట్ల నొప్పి పుట్టాలి. 2010లో వచ్చిన ఈ పట్టికకు నొక్కడం అవసరం లేదు. దయచేసి నొక్కకండి.

మొత్తం ఒక్కటే చూసినా చాలదు. కొబ్బరికాయలు ఒలిచే మనిషికి కుడి దవడ, కుడి భుజం, జబ్బ, ముంజేయి, మెడ, వీపు, నడుము నొప్పి అనుకోండి. ఏడు వచ్చింది. కానీ ఒంటిని ఎడమ పైన, కుడి పైన, ఎడమ కింద, కుడి కింద, మధ్య అని అయిదుగా విడదీస్తే రెండు భాగాలే తగిలాయి. ఈ పద్ధతికి 2016లో చేసిన సవరణ ప్రకారం, నొప్పి ఒళ్లంతా పాకింది అనాలంటే కనీసం నాలుగు తగలాలి. భాగాల లెక్కలో దవడ, ఛాతీ, పొట్ట చేరవు. ఇంకొకరికి రెండు భుజాలు, ఎడమ తొడ, నడుము. మొత్తం నాలుగే, అయినా నాలుగు భాగాలు తగిలాయి. ఒళ్లంతా పాకిన నొప్పి ఈవిడది.

అభ్యాసం: ముగ్గురిని ఎంచుకోండి. ఒక్కొక్కరిని రోజు విడిచి రోజు రెండుసార్లు అడగండి, రెండోసారి మొదటి కాగితం చూడకుండా. తేడా వచ్చిన ప్రతి గడికీ ఎర్ర సిరాతో కారణం రాయండి. నాట్లు వేస్తున్న వారంలో కూలికెళ్లే వాళ్లను ఎంచుకోకండి. వాళ్ల నొప్పి ఈ జబ్బు అనడానికి కావలసిన 3 నెలల నుంచి ఉన్నదో, మొన్నటి వంగుడుదో తేల్చడం మీకింకా కష్టం.