భయపెట్టే కార్టూన్ మన పిల్లలకు తగినదా: చూపించే ముందు పరిశీలించే పద్ధతి

నా మేనకోడలికి నాలుగేళ్లు నిండిన కొత్తలో అందరం కలిసి ఒక దెయ్యాల కార్టూన్ చూశాం. పాడుబడ్డ బంగళాలో తెల్లటి ఆకారం మెట్ల మీద తేలుతూ దిగి వచ్చినప్పుడు ఆ పిల్ల నవ్వింది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయినప్పుడు కూడా నవ్వింది. చివరలో కథానాయకులు ఆ దెయ్యాన్ని పట్టుకుని, గడ్డం కింద వేళ్లు దూర్చి, ముఖాన్ని తొక్క ఒలిచినట్టు పైకి లాగి, లోపల ఉన్నది తోటమాలి అని తేల్చినప్పుడు మాత్రం గుక్కపట్టి ఏడ్చింది. మాకు భయం తీరిపోయిన చోటే ఆ పిల్లకు భయం మొదలైంది. ఆ తర్వాత వారం రోజులపాటు ఎవరైనా గడ్డం గోక్కుంటే చాలు, ఆ చేతి వైపే కళ్లప్పగించి చూసేది.

పిల్లల కోసం తీసిన భయానక యానిమేషన్ తగినదా కాదా అని తేల్చేటప్పుడు పెద్దలు చేసే పొరపాటు ఇందులోనే ఉంది. మనం కథను బట్టి తీర్పు చెబుతాం. ఆరేడేళ్ల లోపు పిల్లలు కంటికి కనిపించిన రూపాన్నీ, చెవికి వినిపించిన శబ్దాన్నీ ముందు పట్టుకుంటారు. కథ వారికి అందేది ఆ తర్వాతే. కాబట్టి సిరీస్‌ను పరిశీలించే పెద్దలు కథ బాగుందా, నీతి ఉందా అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, చూడటమూ వినడమూ వేరువేరుగా చేయాలి.

రూపం, ముసుగు, మార్పు

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రీటా డెవ్రీస్ 1969లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ విషయంలో నాకు ఎంతో ఉపయోగపడింది. మేనార్డ్ అనే మచ్చికైన పిల్లిని ఆమె పిల్లలకు చూపించి, వారు దానితో కాసేపు గడిపాక, దాని వెనుక భాగం వారికి కనిపిస్తూనే ఉండగా తలకు కుక్క ముసుగు తొడిగించారు. ఆరేళ్ల పిల్లల్లో ఎక్కువమంది అది పిల్లేనని గట్టిగా చెప్పగలిగారు. మూడేళ్ల పిల్లల్లో చాలామంది మాత్రం అది కుక్క అయిపోయిందనే అనుకున్నారు. వేషం మారితే మనిషే మారిపోతాడని నమ్మే వయసు అది. ఆ వయసు వారి ముందు ముసుగు లాగి "చూశావా, దెయ్యం లేదు" అని చెప్పడం వల్ల ఊరట కలగదు సరికదా, ఒక ముఖం ఊడి ఇంకో ముఖం వచ్చిందన్న కొత్త బెదురు పుడుతుంది. యాదృచ్ఛికమే గాని, అదే 1969లో అమెరికాలో సీబీఎస్ చానల్‌లో మొదలైన స్కూబీ డూ అనే కార్టూన్ సిరీస్ ఈ ముసుగు పద్ధతినే తన అచ్చుగా చేసుకుంది. మేము చూసినది అది కాదు గాని, ఆ బాటలో వచ్చిన సిరీస్‌లు ఎన్నో ఉన్నాయి. "దెయ్యం చివరికి మనిషే" అన్న ముగింపు ఆరేడేళ్లు దాటిన పిల్లలకు నిజంగానే ధైర్యాన్నిస్తుంది. అంతకన్నా చిన్నవారికి ఆ ముగింపును భరోసాగా లెక్కవేయకూడదు.

ఇలాంటిదే మరొకటి ఉంది. చూడటానికి వికారంగా ఉన్నా మనసు మంచిదైన రాక్షసుడు కథానాయకుడిగా ఉండే సిరీస్‌లను పెద్దలు త్వరగా మెచ్చుకుంటారు. సింథియా హాఫ్నర్, జోయాన్ క్యాంటర్ అనే పరిశోధకులు 1985లో ఒకే ముసలావిడ పాత్రను అందంగానూ వికారంగానూ, దయగానూ క్రూరంగానూ మార్చి వేర్వేరు వయసుల పిల్లలకు చూపించినప్పుడు, బడి ఈడు రాని పిల్లలు ఆమె చేష్టల కన్నా రూపాన్ని బట్టే మంచిచెడ్డలు ఊహించారు. పెద్ద పిల్లలు చేష్టలకు ఎక్కువ విలువ ఇచ్చారు. అందువల్ల నాలుగేళ్ల పిల్లవాడి కోసం చూస్తున్నప్పుడు పాత్ర మంచిదా అని కాక, ఆ ముఖం తెరంతా నిండేలా ఎన్నిసార్లు వస్తోంది, కళ్లు ఉండవలసిన చోట ఏమి ఉంది, నోరు ఎంత వరకు తెరుచుకుంటోంది అని చూడాలి. మామూలు మనిషి కళ్లెదుటే మరో ఆకారంగా మారే ఘట్టం ఉంటే, అది ఎన్ని క్షణాలు సాగుతోందో గమనించండి. గుండ్రటి గీతల్లో, చదునైన రంగుల్లో గీసిన దెయ్యం కన్నా, చర్మపు ముడతలు, తడి కళ్లు, వెంట్రుకలు కూడా కనిపించేలా చేసిన త్రీడీ ఆకారం చిన్నపిల్లలకు ఎక్కువ నిజంగా తోస్తుంది.

ముందుగా ఏది చూడాలి, ఎలా చూడాలి

మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి నిర్ణయించడం సరిపోదు. పాత్రలను పరిచయం చేయడానికి తీసిన ఆ ఎపిసోడ్ తరచూ సాఫీగా, హాస్యంగా ఉంటుంది. సీజన్ ముగింపుకు వచ్చేసరికి విలన్ బలం పెరుగుతుంది, రంగులు నల్లబడతాయి, ఎవరో ఒకరు మాయమైపోతారు. కాబట్టి మొదటిది, నడుమ నుంచి ఒకటి, చివరి రెండు చూడటం మంచిది. ఇలాంటి కార్టూన్లలో ఎపిసోడ్ సాధారణంగా 11 నిమిషాలో 22 నిమిషాలో ఉంటుంది కాబట్టి, గంటన్నరకు మించి పట్టదు. ట్రైలర్ మీద ఆధారపడవద్దు. అది నవ్వులన్నింటినీ ఒకచోట కూర్చిన ముక్క కావచ్చు, భయాలన్నింటినీ కూర్చిన ముక్క కూడా కావచ్చు.

వీటిలో ఒక ఎపిసోడ్‌ను శబ్దం పూర్తిగా తగ్గించి ఒకసారి, కళ్లు మూసుకుని వింటూ మరోసారి పరిశీలించండి. విచిత్రంగా అనిపించినా, చాలా సందేహాలు ఇక్కడే తీరిపోతాయి. శబ్దం లేనప్పుడు నవ్వు తెప్పించే ఘట్టం వింటున్నప్పుడు ఒళ్లు జలదరింపజేయవచ్చు: నిదానంగా సాగదీసిన జోలపాట, ఎక్కడో గీరుతున్న చప్పుడు, అడుగున ఆగకుండా మోగే గంభీరమైన నాదం, ఆపైన రెండు మూడు క్షణాల నిశ్శబ్దం, ఆ వెంటనే చెవులు అదిరే మోత. హఠాత్తుగా వచ్చే మోతకు ఉలిక్కిపడటం తెలివితో నిమిత్తం లేకుండా శరీరం చేసే పని. అది వట్టి బొమ్మ అని తెలిసిన పిల్లవాడు కూడా ఉలిక్కిపడతాడు. పైగా కళ్లు మూసుకుని బొమ్మను తప్పించుకోగలిగిన పిల్లలు శబ్దాన్ని తప్పించుకోలేరు. 11 నిమిషాల్లో అలాంటి ఉలికిపాట్లు మూడుకు మించితే ఏడేళ్ల లోపు వారికి ఆ సిరీస్ వద్దని నేను నిర్ణయిస్తాను. ఇది నా సొంత కొలత మాత్రమే; మీ పిల్లల బెదురును బట్టి మీరు మార్చుకోవచ్చు.

తర్వాత చూడవలసినది, ప్రమాదం ఎక్కడ జరుగుతోందన్నది. కోటలోనో, గ్రహాంతర నౌకలోనో ఎదురయ్యే భూతం టీవీ కట్టేస్తే అక్కడే ఉండిపోతుంది. మంచం కింద, అద్దంలో, స్నానాలగది తూములో, రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మలో ఉండే భూతం మాత్రం పిల్లల వెంట గదిలోకి వస్తుంది. అన్నిటికన్నా బరువైనది అమ్మ ముఖంతో, అమ్మ గొంతుతో వచ్చే వేరొకరు. రక్తపు చుక్క లేని అలాంటి కథ, కత్తులు దూసుకునే అస్థిపంజరాల కథ కన్నా చిన్నపిల్లలను ఎక్కువగా కలవరపెడుతుందని నా అనుభవం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ రకాన్ని నేను చూపించను.

ఇక భయం ఎక్కడ ముగుస్తోందో చూడాలి. ఎపిసోడ్ మొదలుపెట్టిన ప్రమాదం ఆ ఎపిసోడ్‌లోనే తీరిపోతోందా, వారం తర్వాతి దాకా వేలాడుతోందా? తీర్చినది ఎవరు? పిల్లల పాత్ర తన ఉపాయంతోనో, పెద్దల సాయం అడిగి తెచ్చుకునో తీర్చితే చూసేవారికి ఒక దారి కనిపిస్తుంది. అదృష్టవశాత్తు తెల్లవారిపోతే ఏ దారీ కనిపించదు. చివరి అర నిమిషాన్ని ప్రత్యేకంగా చూడండి. అంతా సర్దుకుని, అందరూ నవ్వుకున్నాక, ఖాళీ గదిలో చీకటి మూల నుంచి ఒక కన్ను తెరుచుకోవడం భయానక కథల్లో పాత అలవాటు. పెద్దలకు అది చిన్న చమత్కారం. అయిదేళ్ల పిల్లకు మాత్రం, ఇంతసేపూ చెప్పిన ముగింపు అబద్ధమని చెప్పే ఒక్క క్షణం అది. హాస్యం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు: భయపడుతూనే నవ్వించే పాత్ర ఒకటి ఉంటే మేలు, పాత్రలన్నీ నిజంగా వణికిపోతుంటే పిల్లలూ వణుకుతారు.

వయసు గుర్తులు ఏమి చెబుతాయి

వయసు గుర్తును తప్పక చూడాలి, కాని అక్కడితో ఆగకూడదు. మన దేశంలో 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ అనే వర్గాలను చూపించాలి. అమెరికా టీవీలో 1997 నుంచి ఉన్న పద్ధతిలో టీవీ-వై అంటే పిల్లలందరికీ, టీవీ-వై7 అంటే ఊహకూ నిజానికీ తేడా గ్రహించగల ఏడేళ్లు, ఆపై వారికి అని అర్థం. దాని పక్కన ఎఫ్‌వీ అని ఉంటే కల్పిత హింస ఎక్కువని గుర్తు. బ్రిటన్‌లో యూ అన్న గుర్తు నాలుగేళ్లు, ఆపై వారిని ఉద్దేశించినది. పీజీ అన్న గుర్తు ఉన్నది సుమారు ఎనిమిదేళ్లు, ఆపై వయసు పిల్లలను కలవరపెట్టకూడదన్నది అక్కడి కొలత. ఈ గుర్తులన్నీ సగటు పిల్లవాడిని ఊహించుకుని వేసినవి. చీకటంటే ఇప్పటికే బెదిరే పిల్లవాడి సంగతి ఈ గుర్తులు వేసేవారెవరికీ తెలియదు.

మరో మాట, భయంతో సంబంధం లేకపోయినా ఇలాంటి సిరీస్‌లకు వర్తిస్తుంది. మెరుపులు, మంత్రాల వెలుగులు వేగంగా మిణుకుమంటుంటే కొందరు పిల్లలకు మూర్ఛ రావచ్చు. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో ప్రసారమైన ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వెంటవెంటనే మెరవడంతో 600 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉంటే ముందు వైద్యుణ్ణి అడగండి.

మొదటిసారి కలిసి చూసేటప్పుడు

పగటిపూట, గదిలో వెలుతురు ఉండగా, నిద్రకు చాలా ముందుగా, పక్కన కూర్చుని, రిమోట్ మీ చేతిలో ఉంచుకుని, శబ్దం కాస్త తగ్గించి పెట్టండి. హెడ్‌ఫోన్లతో ట్యాబ్‌లో చూడటం మొదటిసారికి అసలు పనికిరాదు. చూస్తున్నంతసేపూ తెరను కాక పిల్లను గమనించండి. అరవడం, దిండు చాటుకు వెళ్లడం, మీ ఒళ్లో దూరడం అంత చెడ్డ గుర్తులు కావు. చాలామంది పిల్లలు ఆ భయాన్ని ఆటలాగే ఆనందిస్తారు. అంతవరకు కదులుతూ, మాట్లాడుతూ ఉన్న పిల్ల ఉన్నట్టుండి బిగుసుకుపోయి, రెప్ప వేయకుండా, నోట్లో వేలు పెట్టుకుని ఉండిపోతే అది ఆపవలసిన సమయం. అన్నయ్య ముందు "నాకేం భయం లేదు" అని రెండుసార్లు చెప్పిన పిల్లవాడి మాటను కూడా నమ్మవద్దు.

ఆపడంలోనూ ఒక పద్ధతి ఉంది. భూతం తలుపు తెరిచిన క్షణంలో టీవీ కట్టేస్తే, ఆ తలుపు పిల్లల ఊహలో రాత్రంతా తెరిచే ఉంటుంది. వీలైతే ముందుకు జరిపి, ప్రమాదం తీరిన చోటు చూపించి ఆపండి. కుదరకపోతే ముగింపును మీ నోటితో చెప్పండి. "అది నిజం కాదు" అన్న మాట తొమ్మిది పదేళ్ల వారికి సాయపడినంతగా నాలుగైదేళ్ల వారికి సాయపడదు. వారికి మీ ఒడి, ఒక గ్లాసు మంచినీళ్లు, ఇష్టమైన బొమ్మ ఎక్కువ పని చేస్తాయి. కొంచెం తేరుకున్నాక ఆ భూతాన్ని కాగితం మీద గీసి, తలకు పెద్ద టోపీ, కాళ్లకు రెండు రంగుల మేజోళ్లు పెట్టమనండి. "ఇంత పెద్దవాడివి, దడుచుకుంటావా" అంటే మరోసారి దడుచుకున్నా చెప్పడు.

ఆ రాత్రి పీడకల వచ్చి లేస్తే కల ఏమిటో పిల్లలు చెప్పగలుగుతారు. అది సాధారణంగా తెల్లవారుజాముకు దగ్గరగా వస్తుంది. నిద్రపోయిన తొలి గంటల్లోనే కేకలు పెట్టి, మిమ్మల్ని గుర్తు పట్టక, పొద్దున్న ఏమీ జ్ఞాపకం లేకపోతే అది వేరే రకం నిద్రాభయం, దానికి కార్టూన్‌ను తప్పుపట్టడం తొందరపాటు కావచ్చు. ఒకటి రెండు రాత్రులు దీపం వేసి పడుకుంటానంటే వేయండి. వారాలు గడిచినా ఒంటరిగా గదిలోకి వెళ్లలేకపోతుంటే పిల్లల వైద్యునితో మాట్లాడండి.

ఇంట్లో తొమ్మిదేళ్ల వాడూ నాలుగేళ్లదీ ఉంటే నిర్ణయం చిన్నదాని కోసం తీసుకోవాలి, ఆమె పక్క గదిలో ఉన్నా సరే. గోడ దాటి వచ్చేది శబ్దమే. ఆటోప్లే ఆపేయండి, పిల్లల ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. పేరు వెతికి దొరికిన వీడియో ముక్కలను మాత్రం అస్సలు నమ్మవద్దు. పేరున్న కార్టూన్ బొమ్మలతో ఎవరో చేసిన వికృతమైన నకళ్లు పిల్లల ముందుకు వస్తున్నాయని 2017లో పెద్ద దుమారమే రేగింది.

ఇప్పుడు వద్దనుకున్న సిరీస్ ఎప్పటికీ వద్దని కాదు. మేనకోడలికి ఆరున్నరేళ్లు వచ్చాక అదే సిరీస్‌లో మరో ఎపిసోడ్ పెట్టి, దెయ్యం గడ్డం కిందికి చెయ్యి వెళ్లగానే ఆపి, లోపల ఎవరుంటారని అడిగాను. కాసేపు ఆలోచించి, వంటవాడని చెప్పింది. అది తప్పు, లోపల ఉన్నది కాపలావాడు. అయినా మిగతాది చూపించాను, ఎందుకంటే లోపల ఎవరో ఒక మనిషి ఉంటాడని ఆమెకు తెలుసు.