హారంలో సంకీర్ణ సంఖ్య ఉంటే భిన్నాన్ని ఎలా సూక్ష్మీకరించాలి?

హిమాయత్‌నగర్‌లోని తెలుగు అకాడమీ ప్రచురించిన ఇంటర్ 2ఎ గణితం పుస్తకం సంకీర్ణ సంఖ్యలతోనే మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి ఎంట్రన్సులకు చదివే పిల్లలు ఈ పాఠంలోని భిన్నాలను చకచకా చేసేస్తారు. హారాన్ని దేనితో గుణించాలో వాళ్లకు తెలుసు. ఎందుకు గుణించాలని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఆ కారణం పట్టుబడితే సూత్రాన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

వర్గం −1 అయ్యే సంఖ్యను ఐ అంటాం. 3 − 4ఐ లాగా ఒక వాస్తవ సంఖ్య, ఐతో కూడిన పదం కలిసినదే సంకీర్ణ సంఖ్య. జవాబులో వాస్తవ భాగం వేరుగా, ఐతో కూడిన కల్పిత భాగం వేరుగా కనిపించాలి. హారంలో ఐ ఉన్నంతవరకు ఆ రెండూ విడివడవు. అందుకే హారాన్ని వాస్తవ సంఖ్యగా మార్చుకుంటాం. 1/(2 + √3) లో లవహారాలను 2 − √3 తో గుణించి హారాన్ని అకరణీయం చేయడం హైస్కూల్లోనే నేర్చుకున్నారు కదా. ఇక్కడా అదే పని, ఎందుకంటే ఐ కూడా ఒక వర్గమూలమే.

ఈ భిన్నం తీసుకుందాం:

(5 + 2ఐ)/(3 − 4ఐ)

మొదట హారానికి సంయుగ్మం రాయండి. అంటే కల్పిత భాగం గుర్తు మాత్రమే మార్చాలి: 3 + 4ఐ. దీనితో లవాన్ని, హారాన్ని రెండింటినీ గుణించండి. హారాన్ని ఒక్కదాన్నే గుణిస్తే భిన్నం విలువే మారిపోతుంది.

తర్వాత హారం సంగతి చూడండి.

(3 − 4ఐ)(3 + 4ఐ) = 9 − 16ఐ² = 9 + 16 = 25

+12ఐ, −12ఐ ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి. మిగిలిన ఐ² కూడా −1గా మారి వాస్తవ సంఖ్యలో కలిసిపోయింది. సంయుగ్మాన్ని ఎంచుకున్నది ఇందుకే. సంయుగ్మంతో గుణిస్తే ఎప్పుడూ రెండు వర్గాల మొత్తమే వస్తుంది, కాబట్టి హారం రుణ సంఖ్య కాదు. మీకు 9 − 16 = −7 వచ్చిందంటే ఐ² దగ్గర గుర్తు మార్చడం మరిచిపోయారన్నమాట.

ఇక లవం. నాలుగు పదాలనూ విడివిడిగా రాయమని నేను పట్టుబట్టి చెబుతాను. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

(5 + 2ఐ)(3 + 4ఐ) = 15 + 20ఐ + 6ఐ + 8ఐ²

8ఐ² అంటే −8. కాబట్టి లవం 7 + 26ఐ. 25తో రెండు భాగాలనూ భాగించండి:

7/25 + (26/25)ఐ

సరిచూసుకోవడానికి జవాబును పాత హారంతో గుణించండి. (3 − 4ఐ)(7 + 26ఐ) = 125 + 50ఐ. దీన్ని 25తో భాగిస్తే మొదటి లవం 5 + 2ఐ తిరిగి వస్తుంది. పరీక్షలో అర నిమిషం మిగిలినా ఈ పని చేయండి.

హారంలో కల్పిత భాగం ఒక్కటే ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు, ఐతో గుణిస్తే చాలు. (4 − 7ఐ)/2ఐ లో లవం 7 + 4ఐ, హారం −2 అవుతాయి. జవాబు −7/2 − 2ఐ.

గుణించే ముందు ఉమ్మడి కారణాంకం ఉందేమో చూడండి. (6 + 8ఐ)/(4 − 2ఐ) ను ముందే 2తో కొట్టివేస్తే (3 + 4ఐ)/(2 − ఐ) మిగులుతుంది. దాని విలువ (2 + 11ఐ)/5. అయితే కొట్టివేసే సంఖ్య లవహారాల్లోని ప్రతి పదాన్నీ భాగించాలి. ఒక్క పదాన్ని మాత్రమే కొట్టివేయడం పూర్తిగా తప్పు.

(1 + ఐ)/(1 − ఐ) ను మాత్రం ఒకసారి స్వయంగా చేసి గుర్తుంచుకోండి. లవం 2ఐ, హారం 2, జవాబు ఐ. దీనిని నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 1 వస్తుంది. ఎంట్రన్సుల్లో ఘాతాల ప్రశ్నలకు ఇది బాగా పనికొస్తుంది.

రేపు ఉస్మానియాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరితే ఈ భిన్నాలే మళ్లీ ఎదురవుతాయి. కరెంటుకు ఐ వాడతారు కాబట్టి అక్కడ దీన్ని జె అని రాస్తారు. 230 వోల్టుల ఏసీ సరఫరాకు ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు సర్క్యూట్ కలిగించే మొత్తం అడ్డంకి) 30 + 40జె ఓములు ఉన్న సర్క్యూట్ కలిపితే, వోల్టేజీని దానితో భాగించగా కరెంటు 230/(30 + 40జె). లవహారాలను 30 − 40జె తో గుణిస్తే హారం 2500 అవుతుంది, కరెంటు 2.76 − 3.68జె. దాని పరిమాణం, అంటే రెండు భాగాల వర్గాల మొత్తానికి వర్గమూలం, 4.6 ఆంపియర్లు. రుణ గుర్తు ఉన్న జె భాగం, కరెంటు వోల్టేజీ కంటే వెనకబడి నడుస్తోందని చెబుతుంది.