పాత మహల్లో బస: గది తీసుకునే ముందు

చారిత్రక భవనాన్ని బాగుచేసి నడుపుతున్న హోటల్లో దిగదలచినవారు అద్దె కంటే ముందు తేల్చుకోవలసింది, తమకిచ్చే గది పాత కట్టడంలోనిదా, పక్కన కొత్తగా కట్టిన భాగంలోనిదా అన్న సంగతి. ప్రకటనల్లోని ఫోటోలు చాలావరకు దర్బారు హాలువీ, మెట్లదారివీ అయి ఉంటాయి కనుక, ఫోన్ చేసి ఆ గది ఫోటోనే పంపమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. లిఫ్టు ఉందో లేదో, మందపు గోడల మధ్య వైఫై అందుతుందో లేదో కూడా అప్పుడే కనుక్కోవడం మంచిది. అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది.

హైదరాబాద్‌లో ఈ తరహా బసకు పేరుపడ్డది ఫలక్‌నుమా. నిజాం కొలువులోని ‘పైగా’ అనే ప్రభువంశానికి చెందిన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఈ మహలు తరువాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. నిజాం వంశపు కోడలు రాకుమారి ఎస్రా పర్యవేక్షణలో ఏళ్ల తరబడి మరమ్మతులు సాగాక 2010లో తాజ్ సంస్థ దీనిని హోటల్‌గా తెరిచింది. 101 మంది వరుసగా కూర్చుని తినగల భోజనబల్ల ఉన్న ఇంట్లో దిగి, పగలంతా ఊళ్లో తిరిగి రాత్రికి నిద్రపోవడానికి మాత్రమే రావడం, నా దృష్టిలో, డబ్బు దండగ. కాబట్టి చెక్ఇన్ వేళకే చేరుకుని, వెలుతురు ఉండగానే మహలంతా చూడాలి. నిజాంల చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండింటికీ శుక్రవారం సెలవు గనుక ఆ రోజు దిగి, వాటిని శనివారానికి ఉంచుకుంటే రెండూ కలిసివస్తాయి.

పాత భవనం ఎంత శ్రద్ధగా బాగుచేశారో గోడలే చెబుతాయి. మన పాత కట్టడాలకు గానుగలో నూరిన డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి పూసేవారు. ఆ పూత తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కుకుని, వానాకాలంలో గోడ అడుగున తెల్లటి ఉప్పు పొడిలా తేలి, పెచ్చులు ఊడుతాయి. గదిలోకి వెళ్లగానే మంచం వెనుకా, స్నానాలగది గోడకు ఆనుకున్న చోటా ఒకసారి చూసుకుని, అటువంటిది కనిపిస్తే సామాను విప్పకముందే వేరే గది అడగాలి. అతిథులు కూడా ఆ గోడలకు అంటించే కొక్కేలు పెట్టకూడదు, తడిబట్టలు ఆనించకూడదు. ఎండాకాలంలో ఇటువంటి మందపు గోడలు మధ్యాహ్నపు వేడిని ఆపినా, తాగిన ఎండను రాత్రికి వదులుతాయి. పైఅంతస్తు కంటే కింది గది నయం.

అంత అద్దె భరించలేనివారు ఫలక్‌నుమాలో సాయంత్రం టీకి వెళ్లి రావచ్చు, కాకపోతే దానికీ ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలి.