సర్వే అందని చోట సీవర్ లైన్: రిమ్ లెవెల్ తప్పు చూపిస్తుంటే

సమస్య: చెన్నైలో, వేళచ్చేరి వైపు ఒక సీవర్ లైన్‌ని, అంటే మురుగునీటి పైపులైన్‌ని, సివిల్ 3డి అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. ప్రొఫైల్ (లైన్ పొడవునా నిలువు కోత) తీస్తే రెండు మ్యాన్‌హోళ్ల రిమ్, అంటే మూత అంచు ఎత్తు, సున్నా చూపించింది. ఇంకో చోట పైపు నేల మీదికి తేలింది. బెంగళూరులో నేల మట్టం 900 మీటర్లకు అటూఇటూ ఉంటుంది కాబట్టి సున్నా చూడగానే దొరికిపోతుంది. చెన్నైలో చాలా వీధులు సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఇక్కడ సున్నా కూడా నిజంలాగే కనిపిస్తుంది.

కారణం: ఆ రెండు మ్యాన్‌హోళ్లూ సర్ఫేస్ (సర్వే పాయింట్లను త్రిభుజాలుగా కలిపి సాఫ్ట్‌వేర్ కట్టే నేల నమూనా) హద్దు దాటి ఉన్నాయి. అది తేలిక తప్పు. అసలు ప్రమాదం హద్దు లోపలే ఉంది. కాంపౌండ్ గోడల వెనకా, కాలువ గట్టు మీదా సర్వేవాళ్లకి పాయింట్లు దొరకవు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ ఖాళీకి ఇవతలి పాయింట్లనీ అవతలి రోడ్డు పాయింట్లనీ ఒకే పొడవాటి త్రిభుజంతో కలిపేస్తుంది. లెవెల్ నమ్మేలాగే ఉంటుంది. కానీ 1:300 వాలులో 30 మీటర్లకు పైపు దిగేది 10 సెంటీమీటర్లే. నేల లెవెల్ అరమీటరు తప్పితే, దాన్నిబట్టి పెట్టిన పైపు వాలు తిరగబడి నీళ్లు వెనక్కి పారొచ్చు. ఉపగ్రహ డెమ్‌తో (ఉపగ్రహం నుంచి తీసిన నేల ఎత్తుల పటం) ఆ ఖాళీ పూడ్చకండి, దాని తప్పు మీటర్లలో ఉంటుంది.

పరిష్కారం: ముందు సర్ఫేస్ ప్రాపర్టీస్‌లో మాక్సిమమ్ ట్రయాంగిల్ లెంగ్త్ (త్రిభుజం భుజానికి గరిష్ఠ పొడవు) పెట్టండి. ఖాళీ ఖాళీగానే కనబడాలి. అక్కడున్న మ్యాన్‌హోళ్లకి ఆటోమేటిక్ సర్ఫేస్ అడ్జస్ట్‌మెంట్ (రిమ్‌ని సర్ఫేస్ నుంచి తనంతట తానే తీసుకునే సెట్టింగ్) ఆపేసి, రిమ్ లెవెల్ చేత్తో ఇవ్వండి.

ఆ లెవెల్ కోసం ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే సర్వే పరికరం) పట్టుకుని వీధిలోకి వెళ్లాల్సిందే. మూత అంచు మీద స్టాఫ్ (కొలత గీతలున్న కర్ర) నిలబెడితే రిమ్ వస్తుంది. మూత తీసి అదే స్టాఫ్‌ని అడుగు దాకా దించితే లోతు తెలుస్తుంది. రిమ్‌లోంచి లోతు తీసేస్తే ఇన్వర్ట్, అంటే అడుగు లెవెల్. అడుగున మడ్డి ఉంటే స్టాఫ్ దాని మీదే ఆగిపోతుంది, గట్టిగా అదిమి మళ్లీ చదవండి. ఎంత తొందరున్నా మనిషిని మాత్రం లోపలికి దించొద్దు, విషవాయువు ప్రాణం తీస్తుంది. రోడ్డు మీద రోడ్డు వేసి మూత కప్పేసి ఉంటే మెటల్ డిటెక్టర్ పనికొస్తుంది. తడి బంకమట్టిలో జీపీఆర్ (నేల లోపల వెతికే రాడార్) మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, రాడార్ తరంగాలను ఆ మట్టే మింగేస్తుంది.

కొలవని పైపులను వేరే లేయర్‌లో, వేరే రంగులో ఉంచి, పక్కన ‘అంచనా’ అని రాయండి. తవ్వే ముందు అక్కడ ట్రయల్ పిట్ (పైపు ఎక్కడుందో చూసేందుకు చిన్న గుంత) వేయించండి.