తక్కువ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేయడం ఎలా?

మా బాబాయి కొడుకు బెంగళూరు మారతహళ్లిలో ఒక పీజీలో ఉంటాడు. వచ్చిన కొత్తలో ఎస్పీ రోడ్డుకు వెళ్లి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కున్నాడు. నాలుగు కోర్ల ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, అందులో ఉబుంటు. బొమ్మల మీద పనిచేసే ఓపెన్‌సీవీ అనే లైబ్రరీలో ఒక ఫిల్టర్ కోడ్ మార్చి చూడాలనుకుని, సోర్స్ (మనుషులు రాసిన కోడ్) మొత్తం దింపుకుని కంపైల్‌కి (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి) పెట్టాడు. రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. "అన్నా, మౌస్ కూడా కదలట్లేదు. లాప్‌టాప్ పోయిందేమో!"

పోలేదు. ర్యామ్ నిండిపోయింది, అంతే. ఓపెన్‌సీవీ అంత పెద్దది కూడా 4 జీబీలో కంపైల్ అవుతుంది. కంపైలర్ చేతికి ఒకేసారి ఎన్ని ఫైళ్లు ఇస్తున్నామన్నదే అసలు లెక్క. ఆ రాత్రి ఫోన్లో చెప్పినవీ, ఆదివారం పక్కన కూర్చుని చేయించినవీ ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లను కూడా ఫోన్లో చెప్పినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి, పెద్దక్షరాలు కావాల్సిన చోట చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. కోడ్ మార్చే పని లేక ఊరికే వాడుకోవడానికైతే ఆప్ట్‌తోనో (ఉబుంటులో ప్యాకేజీలు దించేది) పిప్‌తోనో (పైథాన్ ప్యాకేజీలు దించేది) తయారుగా ఉన్నది దించుకోండి. ఒక రాత్రి మిగులుతుంది.

1. ముందు ఎవరు ఆపారో చూడండి

స్క్రీన్ మీద "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్" అని వస్తే అది మీ కోడ్‌లో తప్పు కాదు. ర్యామ్ పూర్తిగా అయిపోయినప్పుడు లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) ఏదో ఒక ప్రోగ్రామ్‌ను చంపి మిగతావాటిని కాపాడుతుంది. ఎక్కువ మెమరీ తింటున్నది కంపైలర్ కాబట్టి సాధారణంగా దాని మీదే వేటు పడుతుంది. నిర్ధారించుకోవడానికి "సుడో" (అడ్మిన్ హక్కులతో నడిపించే మాట) తర్వాత డి, ఎం, ఇ, ఎస్, జి అక్షరాలు కొట్టండి. చివరి లైన్లలో "అవుట్ ఆఫ్ మెమరీ" కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. అది చూడకుండా కంపైలర్ వెర్షన్ మార్చడం, ఉబుంటు మళ్లీ ఎక్కించడం లాంటివి చేసి చాలామంది వారాలు పోగొట్టుకుంటారు. అలా కాకుండా ఫైల్ పేరు, లైన్ నంబరుతో ఎర్రర్ వస్తే మాత్రం అది వేరే సమస్య.

2. ఒకేసారి ఎన్ని అన్నది తేల్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. "ఫ్రీ హైఫన్ హెచ్" కొడితే ఒక పట్టిక వస్తుంది. అందులో "ఫ్రీ" అన్న కాలమ్ చూసి కంగారుపడకండి, "అవైలబుల్" అన్న కాలమ్ చూడండి. నిజంగా వాడుకోగలిగింది అంత.

సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌లు తేలిక. సీ ప్లస్ ప్లస్ బరువు. ఒక్కో ఫైల్‌తో పాటు అది పిలిచే హెడర్లన్నీ (వేరే కోడ్ ఫైళ్లు) చదివి, టెంప్లేట్లన్నీ (కోడ్ అచ్చులు) విప్పి మెమరీలో పెట్టుకోవాలి. ఒక్క ఫైల్‌కే కొన్ని వందల ఎంబీలు పడుతుంది, బరువైన వాటికి 1 జీబీ కూడా దాటుతుంది. అలాంటివి నాలుగు కలిసి నడిస్తే 4 జీబీ ఏ మూలకు?

కంపైలర్‌కు ఫైళ్లు అందించే ప్రోగ్రామ్ పేరు మేక్. అది దానంతట అది ఒక్కో పనే చేస్తుంది. "హైఫన్ జె" పక్కన 2 అని ఇస్తే రెండు పనులు కలిపి చేస్తుంది. మావాడు ఇక్కడే దెబ్బ తిన్నాడు. ఎక్కడో చూసిన కమాండ్‌లో జె వరకే కాపీ చేసి, పక్కనున్న నంబరు వదిలేశాడు. నంబరు లేకుండా ఉత్త "హైఫన్ జె" ఇస్తే మేక్‌కు హద్దే ఉండదు, ఎన్ని పనులు దొరికితే అన్నీ ఒకేసారి మొదలుపెడుతుంది. మౌస్ ఆగిపోయింది అందుకే. మేక్ బదులు నింజా వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏమీ చెప్పకపోతే అది కోర్ల సంఖ్యకు రెండు కలిపి నడుపుతుంది, అంటే నాలుగు కోర్ల మీద ఆరు.

నేను వేసుకునే లెక్క ఇది: అవైలబుల్‌లో కనిపించిన జీబీలను ఒకటిన్నరతో భాగించండి. 3 జీబీ ఉంటే రెండు పనులు. మధ్యలో మళ్లీ కిల్డ్ అని వస్తే "మేక్ హైఫన్ జె1" ఇచ్చి ఆ బరువైన ఫైల్‌ను ఒంటరిగా దాటించండి. దాటాక కంట్రోల్ సీ కొట్టి మళ్లీ జె2తో నడపండి. ఆగిన ప్రతిసారీ "మేక్ క్లీన్" మాత్రం చేయకండి. అయిపోయిన ఫైళ్లను మేక్ మళ్లీ ముట్టుకోదు, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. క్లీన్ చేస్తే అప్పటిదాకా పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

3. స్వాప్ ఫైల్ పెట్టండి

స్వాప్ అంటే ర్యామ్ నిండినప్పుడు కొంత సమాచారాన్ని డిస్క్ మీద పెట్టుకునే చోటు. ఎస్ఎస్‌డీలో 4 జీబీ ఖాళీ ఉంటే చాలు. నాలుగు కమాండ్లు, అన్నిటికీ ముందు సుడో. మొదట "ఎఫ్‌అలొకేట్ హైఫన్ ఎల్ 4జి స్లాష్ స్వాప్‌ఫైల్2". ఇందులో జి పెద్దక్షరం. ఉబుంటులో స్వాప్‌ఫైల్ పేరుతో ఒకటి ముందే ఉండొచ్చు, అందుకే 2 చేర్చాం. తర్వాత అదే ఫైల్ మీద "సీహెచ్‌మోడ్ 600", ఎందుకంటే మెమరీలోని మీ సమాచారం ఇతర యూజర్లు చదవకూడదు. ఆ తర్వాత "ఎంకేస్వాప్", చివరికి "స్వాప్‌ఆన్". ఫైల్‌సిస్టమ్ ఎక్స్‌ట్4 అయితే ఇది నేరుగా పనిచేస్తుంది. కంపైల్ అయ్యాక "స్వాప్‌ఆఫ్" చేసి ఫైల్ తీసేయొచ్చు.

స్వాప్ ఉంది కదా అని జె4 పెట్టకండి. స్వాప్ ర్యామ్ కాదు. ఒక ఫైల్ కాసేపు హద్దు దాటినప్పుడు ఆదుకోవడానికే అది. పాత హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకు జీర్యామ్ మేలు. వాడని మెమరీ పేజీలను (ముక్కలను) ర్యామ్‌లోనే నొక్కి చిన్నవి చేసి పెడుతుంది. ఫెడోరాలో 33వ వెర్షన్ నుంచి అది మామూలుగానే ఉంటుంది. ఉబుంటులో జీర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసుకోవాలి.

4. అక్కర్లేనివి కంపైల్ చేయొద్దు

ఓపెన్‌సీవీ సంగతే చూడండి. మావాడికి కావాల్సింది బొమ్మల మీద ఫిల్టర్ నడిపే భాగం. కంప్యూటర్ మాత్రం టెస్టులతో సహా అన్నీ కడుతూ కూర్చుంది. సీమేక్ (మేక్‌కు పని సిద్ధం చేసే ప్రోగ్రామ్) నడిపేటప్పుడు "బిల్డ్ అండర్‌స్కోర్ టెస్ట్స్", "బిల్డ్ అండర్‌స్కోర్ పెర్ఫ్ అండర్‌స్కోర్ టెస్ట్స్" రెండూ ఆఫ్ చేయించాను. "బిల్డ్ అండర్‌స్కోర్ లిస్ట్"లో కోర్, ఇమ్‌జీప్రాక్, ఇమ్‌జీకోడెక్స్ అనే మాడ్యూళ్లు (భాగాలు) మాత్రం ఇచ్చాం. ఆప్షన్ల పేర్లు, ఆఫ్ అన్న మాట పెద్దక్షరాల్లో, మాడ్యూళ్ల పేర్లు చిన్నక్షరాల్లో. పైథాన్‌లో వాడాలంటే ఆ జాబితాలో పైథాన్3 కూడా చేర్చాలి.

ఏ ప్రాజెక్టు అయినా బిల్డ్ టైప్ రిలీజ్‌లో ఉంచండి. డీబగ్ సమాచారం చేరితే చివర్లో లింకర్ (కంపైల్ అయిన ముక్కలను కలిపేది) అవన్నీ ఒకచోట చేర్చేటప్పుడు మెమరీ ఒక్కసారిగా పెరుగుతుంది. 98 శాతం దగ్గర చచ్చిపోయే బిల్డ్‌లలో చాలావాటికి కారణం ఇదే. ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు కోడ్‌ను మళ్లీ మెరుగుపరిచేది) అనే ఆప్షన్ ఉంటే అది కూడా ఆపేయండి.

5. టెంప్ ఫోల్డర్ ఎక్కడుందో చూడండి

దీన్ని ఎవరూ అనుమానించరు. కంపైలర్ తన తాత్కాలిక ఫైళ్లను టెంప్ ఫోల్డర్‌లో రాస్తుంది. కొన్ని లినక్స్‌లలో ఆ ఫోల్డర్ డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే ఉంటుంది. డెబియన్‌లో 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. "డీఎఫ్ హైఫన్ హెచ్ స్లాష్ టీఎంపీ" కొట్టి, మొదటి కాలమ్‌లో టీఎంపీఎఫ్ఎస్ అని వస్తే, "టీఎంపీడిర్" అనే వేరియబుల్‌ను పెద్దక్షరాల్లో రాసి మీ హోమ్‌లోని ఒక ఫోల్డర్‌కు మార్చండి.

6. రాత్రికి పెట్టి పడుకోండి

బ్రౌజర్ మూసేయండి. పది ట్యాబ్‌లు తినే ర్యామ్‌తో ఇంకో ఫైల్ కంపైల్ అయిపోతుంది. కుదిరితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ స్క్రీన్‌లో లాగిన్ అయి, డెస్క్‌టాప్ నుంచి లాగౌట్ అవ్వండి. చార్జర్ పెట్టి, మూత తెరిచి, గట్టి బల్ల మీద ఉంచండి. పీజీ మంచం మీద దుప్పట్లో పెడితే గాలి ఆడక ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా టెన్షన్ వద్దు, బ్యాటరీ అయిపోయి ఆగినా మళ్లీ మేక్ కొడితే మిగతాది అందుకుంటుంది. సరిగ్గా ఆగిన క్షణంలో రాస్తున్న ఫైల్ సగంలో ఉండిపోతే ఆ ఒక్కటి తీసేయండి.

మొదటిసారే కొలత తీసుకుంటే ఇంకా మంచిది. టైమ్ అనే ప్యాకేజీ వేసుకుని, మేక్ ముందు "స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ టైమ్ హైఫన్ వి" చేర్చండి. చివర్లో "మాక్సిమమ్ రెసిడెంట్ సెట్ సైజ్" అని కిలోబైట్లలో ఒక అంకె వస్తుంది. అన్ని పనుల్లో ఒక్కటిగా అతి పెద్దది ఎంత తిన్నదో ఆ అంకె చెబుతుంది. వచ్చేసారి దాన్ని జీబీల్లోకి మార్చుకుని, ఒకటిన్నర బదులు దాంతోనే భాగించుకోవచ్చు.

7. ర్యామ్ కొనాలనుకుంటే

ఎస్పీ రోడ్డుకు వెళ్లే ముందు "సుడో డీఎంఐడీకోడ్ హైఫన్ టి మెమరీ" నడిపి, ఎన్ని స్లాట్లున్నాయో, ఏ రకమో రాసుకోండి. పాత లాప్‌టాప్‌లలో డీడీఆర్3ఎల్ ఉంటే 1.35 వోల్టులది అడగాలి, 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 అన్నిట్లో పనిచేయదు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. ఉన్న స్టిక్ మీది లేబుల్ ఫోటో తీసుకెళ్లి చూపించండి, వీలైతే లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లి అక్కడే వేయించి, ఆన్ చేసి, "ఫ్రీ హైఫన్ హెచ్"లో కొత్త అంకె చూశాకే డబ్బులివ్వండి.