విదేశంలో ఉంటూ విశాఖలో పాదం ఆపరేషన్: సర్జన్‌ని, ఆసుపత్రిని ఎలా ఎంచుకోవాలి

డాక్టర్ల పేర్లు వాకబు చేసేముందు మీకు ఎన్ని వారాల సెలవు దొరుకుతుందో తేల్చుకోండి. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో మూడు వారాలకని వచ్చి, మొదటి వారం పెళ్లిళ్లకీ సింహాచలం దర్శనానికీ పోగా, రెండో వారం ఆపరేషన్ చేయించుకుని, కుట్లు విప్పగానే విమానం ఎక్కేద్దామనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. బొటనవేలి వంకర సరిచేసే ఆపరేషన్ గంటా గంటన్నరలో అయిపోవచ్చు. కోసి సర్దిన ఎముక అతుక్కోవడానికి మాత్రం 6 నుంచి 8 వారాలు కావాలి. కుట్లు 10–14 రోజులకి విప్పుతారు. ఎముకని పట్టి ఉంచడానికి పెట్టి, కొస చర్మం బయటికి వదిలిన తీగలుంటే 4–6 వారాలకి లాగేస్తారు. ఎముక అతికిందో లేదో చూసే ఎక్స్‌-రే ఆరో వారంలో ఉంటుంది. పైగా కాలి ఆపరేషన్ తర్వాత పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటల తరబడి కదలకుండా కూర్చునే ప్రయాణం దాన్ని పెంచుతుంది. అందుకే ఎముక కోసిన ఆపరేషన్ తర్వాత దూరప్రయాణం ఆరు వారాలదాకా వద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. ఎనిమిది వారాలు ఉండగలిగితే విశాఖలో చేయించుకోండి. ఉండలేకపోతే మీరున్న ఊళ్లోనే చేయించుకోవడం మేలు. సెలవుకి సరిపోయే ఆపరేషన్ చెయ్యమని ఏ డాక్టర్నీ అడగొద్దు.

కొన్ని అసలు ఆగేవి కావు. పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడులాంటి అకిలీస్ టెండన్ తెగితే వారాలు గడిచేకొద్దీ దాని కొసలు దూరం జరుగుతాయి, సూటిగా కుట్టడం కష్టమవుతుంది. ఎముక విరిగినా, షుగర్ ఉన్నవాళ్ల పాదానికి పుండు పడినా ఊరికి వచ్చేదాకా చూడకుండా అక్కడే వెంటనే చూపించుకోండి.

ఇక సర్జన్ సంగతి. ఎముకల డాక్టర్ ఎవరైనా పాదానికి ఆపరేషన్ చేయవచ్చు. కానీ వాళ్లలో ఎక్కువమంది రోజులు మోకీలు మార్పిడులతో, యాక్సిడెంట్ కేసులతో గడిచిపోతాయి. ఎముకల వైద్యంలో పీజీ (ఎం.ఎస్. ఆర్థో లేదా డి.ఎన్.బి. ఆర్థో) తర్వాత పాదం, చీలమండల మీద ప్రత్యేకంగా ఫెలోషిప్, అంటే అదనపు శిక్షణ, చేశారా, ఎక్కడ, ఎన్ని నెలలు అని అడగండి. ఏడాదిపాటు చేత్తో చేసి నేర్చుకోవడం వేరు, రెండు వారాలు పక్కన నిలబడి చూడడం వేరు. గోడమీద సర్టిఫికెట్లు రెండిటికీ ఉంటాయి. రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి.

తర్వాత నేరుగా అడగాల్సినవి: నాకు చెయ్యబోయే ఈ ఆపరేషనే పోయిన ఏడాది ఎన్ని చేశారు? నా పాదానికి ఈ పద్ధతే ఎందుకు? ఎముక అతకకపోతే ఏం చేస్తారు? కోసేది మీరేనా, మీ జూనియరా? రెండో వారం, ఆరో వారం మీరు ఊళ్లో ఉంటారా? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు. ఎముక కోయాల్సిన కేసులో ‘చిన్న ఆపరేషనే, నాలుగు రోజుల్లో మామూలుగా నడిచేస్తారు’ అనే మాట వినిపిస్తే మాత్రం ఇంకో డాక్టర్‌కి చూపించండి.

విదేశం నుంచి రిపోర్టులు పంపేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఎక్స్‌-రేదే. పడుకోబెట్టి తీసినదాంట్లో ఎముకల వంకర ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. బరువు మోపి నిలబడి, రెండు పాదాలకీ, ముందు నుంచీ పక్క నుంచీ తీయించండి. ఫిల్మ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే కోణాలు కొలవడం కుదరదు. ఎక్స్‌-రే అసలు డిజిటల్ ఫైళ్లు (డైకామ్) అడిగి తీసుకుని పంపండి. వాటితోపాటు వాడే మందుల జాబితా, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు, అరిగిన చెప్పుల అడుగుభాగం ఫొటో కూడా పెట్టండి. ఒంటి బరువు పాదంలో ఎక్కడ పడుతోందో చెప్పుల అరుగుదల పట్టిస్తుంది. మన దేశపు 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విదేశాల్లో ఉన్నవాళ్ల సంప్రదింపులకి వర్తించవు. కాబట్టి వీడియో కాల్ ఎవరిని కలవాలో తేల్చుకోవడానికి మాత్రమే. చేత్తో పట్టి చూశాకే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోండి. విమానం దిగిన రోజుకీ ఆపరేషన్‌కీ మధ్య కొన్ని రోజులు ఖాళీ ఉంచండి.

ఆరిలోవ హెల్త్ సిటీలో, రామ్‌నగర్‌లో, మహారాణిపేటలో ఆసుపత్రులకి కొదవ లేదు. లాబీ చూసి తేల్చుకోకండి. ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ చేస్తుండగానే ఎక్స్‌-రే చూపించే యంత్రం) ఉందా, చిన్న ఎముకలు కోసే పవర్ రంపం ఉందా, తల లేని సన్న స్క్రూలు అన్ని సైజుల్లో సిద్ధంగా ఉంటాయా అని అడగండి. చాలాచోట్ల స్క్రూల పెట్టె ఆ ఉదయం డీలరు తెస్తాడు. సరైన సైజు అందులో లేకపోతే ఉన్నదానితో సర్దుకోవాల్సి వస్తుంది. 1923 నాటి ప్రభుత్వ ఆసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్)లో యాక్సిడెంట్ గాయాలు చూసిన అనుభవం చాలా ఉంటుంది. కానీ ఎమర్జెన్సీ వస్తే ముందే అనుకున్న ఆపరేషన్ వెనక్కి జరగవచ్చు. రిటర్న్ టికెట్ చేతిలో ఉన్నవాళ్లు అది లెక్కలో పెట్టుకోవాలి.

ఖర్చు అంచనా కాగితం మీద తీసుకోండి. ప్యాకేజీలో స్క్రూలు, మత్తు డాక్టర్ ఫీజు, సీ-ఆర్మ్ ఛార్జీ, తర్వాతి డ్రెస్సింగులు కలిశాయో లేదో విడివిడిగా రాయించండి. అక్కడి ఇన్సూరెన్స్ ఉంటే ముందస్తు ఆమోదం రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇప్పుడు ఇక్కడ కొత్త పాలసీ కొని లాభం లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్లదాకా ఆగాల్సి రావచ్చు.

సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందే మానాలి, ఎముక అతికేదాకా ముట్టకూడదు. నికోటిన్ రక్తనాళాలను కుంచించి అతుకుని ఆలస్యం చేస్తుంది.

ఇంటిని కూడా ఆసుపత్రిని చూసినట్టే చూడండి. విశాఖ ఎత్తుపల్లాల ఊరు, కేజీహెచ్ డౌన్ లాంటి వాలులో కర్రలతో దిగడం ప్రమాదం. లిఫ్ట్, వెస్ట్రన్ కమోడ్, మంచం పక్కనే స్నానాల గది ఉన్న ఇల్లు కావాలి. అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్లవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ నెలల్లో ఒంటికాలితో అయిదో అంతస్తులో ఉండకండి.

తిరిగి వెళ్లేముందు ఆపరేషన్ నోట్, స్క్రూల వివరాలు రాసి ఉండే స్టిక్కర్లు, తర్వాత తీసిన ఎక్స్‌-రేల డైకామ్ ఫైళ్లు, ఫిజియోథెరపీ షెడ్యూలు ఇంగ్లీషులో తీసుకోండి. ఆ స్టిక్కర్లు లేకపోతే రేపు అక్కడ స్క్రూ తీయాల్సి వచ్చినప్పుడు ఏ స్క్రూడ్రైవర్ సరిపోతుందో ఎవరికీ తెలియదు. తిరిగి వెళ్లాక అక్కడ మిమ్మల్ని చూసే డాక్టర్‌ని ఆపరేషన్‌కి ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇంకొకరు చేసిన కాలిని మధ్యలో అందుకోవడానికి చాలామంది వెనకాడతారు. వీల్‌చైర్, నడవ పక్క సీటు టికెట్‌తోపాటే అడగండి. దారిలో పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే విమాన సిబ్బందికి చెప్పండి. దిగిన ఊళ్లో నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలైనా పట్టవచ్చు, ఆఫీసు బూట్లు అప్పటిదాకా కొనకండి.