కప్పుల లెక్కని గ్రాముల్లోకి మార్చడం ఎలా?

ముందు మీ కప్పు ఎంతదో చూసుకోండి. వంటల్లో కప్పు అంటే మామూలుగా 240 మిల్లీలీటర్లు, రైస్ కుక్కర్‌తో వచ్చేది మాత్రం చాలావరకు 180 మిల్లీలీటర్లే, అందులో బియ్యం 150 గ్రాములు పడతాయి. ఈ తేడా చూసుకోకపోతే కొలతంతా తప్పుతుంది.

240 మిల్లీలీటర్ల కప్పుకి పంచదార 200 గ్రాములు, మైదా దాదాపు 125. అంటే 300 గ్రాముల మైదా కావాలంటే 300ని 125తో భాగించాలి, 2.4 కప్పులు వస్తుంది, అంటే రెండు కప్పులు నిండుగా, పైన దాదాపు ఆరున్నర టేబుల్ స్పూన్లు (కప్పుకి 16 టేబుల్ స్పూన్లు).

పిండి దగ్గరే అసలు చిక్కు. డబ్బాలో కప్పు ముంచి తీస్తే పిండి అణిగిపోయి అదే కప్పులో 150 గ్రాముల దాకా పట్టేస్తుంది, కేక్ గట్టిపడేది అందుకే. పిండిని ముందు స్పూన్‌తో కదిపి, గుల్లగా అయ్యాక కొద్దికొద్దిగా కప్పులో వేసి, చాకు వెనక వైపుతో పైన గీసేయండి. కప్పుని తట్టొద్దు, నొక్కొద్దు.

రవ్వ, శనగపిండి, మినప్పప్పు లాంటివైతే ఇంట్లోనే ఒకసారి తూచుకోవడం మేలు. ఖాళీ కప్పు కాటా మీద పెట్టి సున్నా చేసి, మూడుసార్లు నింపి తూచి, సగటు ఎంతొచ్చిందో ఆ డబ్బా మూత మీదే రాసి అంటించండి.